స్పైక్ బస్టర్‌ను ఓడ ఎందుకు ఎక్కనివ్వరు?

తిరుపతి నుంచి ఏ ఊరికి బయల్దేరినా పెట్టెలో చివరగా పడేవి చార్జర్లే. అప్పటిదాకా ఫోన్లు వాటికే తగిలించి ఉంటాయి మరి. కింద ఆటో హారన్ కొడుతుంటే గోడల నుంచి పీకి, వైర్లన్నీ ఉండ చుట్టి, పనిలో పనిగా టీవీ వెనకాల ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సును కూడా కుక్కేస్తారు. హైదరాబాదులో చుట్టాలింటికి వెళ్లేటప్పుడు ఈ పద్ధతికి వంక పెట్టాల్సిన పని లేదు. క్రూజ్ ఓడ ఎక్కేటప్పుడు మాత్రం ఇది పనికిరాదు.

క్రూజ్ అనే మాట ఈ ప్రాంతానికి ఇప్పుడు మరీ దూరపుది కాదు. చెన్నై రేవు తిరుపతికి 140 కిలోమీటర్ల లోపే. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడతో అక్కడి నుంచి విశాఖ వైపు ప్రయాణాలు మొదలుపెట్టింది. మరుసటి ఏడు సెప్టెంబరులో విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. సింగపూర్ ఇంకో దారి. చెన్నై నుంచి నాలుగు గంటల విమానం, ఆ టూరు ప్యాకేజీలోనే రెండు మూడు రాత్రుల ఓడ. వీటికంటే మామూలైనది అమెరికా దారి. అక్కడున్న కొడుకో కూతురో అమ్మానాన్నలను ఆరు నెలలకు పిలిపించుకుని, మయామీ నుంచో గాల్వెస్టన్ నుంచో ఒక వారం ఓడ ఎక్కిస్తారు. టికెట్ ఎంత, శాకాహారం దొరుకుతుందా, కడుపులో తిప్పితే ఏం మాత్ర వేసుకోవాలి అని ముందే ఆరా తీస్తారు. కరెంటు గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఓడ ఎక్కే ముందు సామానంతా విమానాశ్రయంలో లాగే స్కానర్ గుండా వెళ్తుంది. స్పైక్ బస్టర్ (వోల్టేజీ ఎగసినప్పుడు సామాన్లను కాపాడే ఎక్స్‌టెన్షన్ బాక్సు), ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే రాడ్ లాంటివి కనబడితే తీసి పక్కన పెడతారు. మామూలుగా చీటీ కట్టి ఉంచి, ప్రయాణం ముగిసే రోజు తిరిగిస్తారు. తిరుమల వెళ్లొచ్చేవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. దర్శనానికి ముందు సెల్‌ఫోన్ కౌంటర్‌లో ఇచ్చి, బయటికొచ్చాక చీటీ చూపించి తీసుకోవడం లాంటిదే. కాకపోతే గుళ్లోకి ఫోన్ ఎందుకు వద్దంటారో అందరికీ తెలుసు. స్పైక్ బస్టర్ ఎందుకు వద్దంటారో తెలియదు. ఎక్కువ కరెంటు లాగుతారని భయమేమో అనుకుంటారు, లేదంటే ఓడవాళ్ల పిసినారితనం అనుకుంటారు. రెండూ కావు. ఇళ్లకు వచ్చే కరెంటు వేరు, ఓడలో తిరిగే కరెంటు వేరు. ఇంట్లో సామాన్లను కాపాడే వస్తువు ఆ తేడా వల్లే ఓడలో నిప్పు పెట్టే వస్తువు అవుతుంది.

ముందు ఇంటి కరెంటు సంగతి. తిరుపతి, చిత్తూరు ఇళ్లకు కరెంటిచ్చే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. దాని లైన్లు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఇంటికి రెండు తీగలుగా వస్తాయి. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకి దించి ఎర్త్ చేస్తారు. అందుకే ఇంటి సాకెట్‌లో టెస్టర్ పెడితే ఒక కన్నంలోనే లైటు వెలుగుతుంది. రెండో కన్నంలో వెలగదు. షాకు కొట్టేది ఒకటే తీగ కాబట్టి స్విచ్ అయినా, ఫ్యూజైనా దానికే పెడతారు. ఆ ఒక్క తీగ తెగితే అవతల ఉన్నదంతా చచ్చుబడినట్టే. ఇళ్లలో వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సులు, స్పైక్ బస్టర్లు అన్నీ ఈ నమ్మకం మీదే తయారవుతాయి.

ఓడల్లో చాలాచోట్ల ఆ నమ్మకానికి ఆధారమే ఉండదు. సముద్రం మధ్యలో భూమి లేదు. ఎర్త్ అంటే ఓడ ఇనుప ఒళ్లే. అయితే కరెంటు తీగల్లో ఏ ఒక్కదాన్నీ కావాలని ఆ ఒంటికి కలపరు. రెండు తీగలూ ఒంటికి దూరంగా, తేలుతున్నట్టుగా ఉంటాయి. అంటే ఇంటి లెక్కలో చెప్పుకునే న్యూట్రల్ అక్కడ లేదు. 110 వోల్టుల సాకెట్ అయితే రెండు కన్నాల మధ్య 110 ఉంటుంది. ఒక్కో కన్నానికీ, ఓడ ఒంటికీ మధ్య సుమారు సగం ఉంటుంది. రెండూ ఫేజులే అనుకోవచ్చు. (ఇది నిజమో కాదో చూడ్డానికి టెస్టర్ పట్టుకెళ్లాల్సిన పని లేదు. అది కూడా పక్కన పెట్టించే సామానే కావచ్చు.)

ఇలా ఎందుకు కట్టారంటే, ఓడలో కరెంటు పోకూడదు. ఇంట్లో ఎక్కడో ఒక వైరు గోడ తడికి ఎర్త్ అయితే ఫ్యూజు కొడుతుంది, చీకటవుతుంది, కొవ్వొత్తి వెలిగించుకుని కరెంటాయన కోసం ఎదురు చూస్తారు. నడిసముద్రంలో అదే జరిగి చుక్కాని తిప్పే మోటారో, నీళ్లు తోడే పంపో ఆగిపోతే ఎదురు చూడటానికి ఎవరూ లేరు. ఏ తీగా ఒంటికి కలిసి లేని ఏర్పాటులో మొదటిసారి ఎక్కడైనా ఒక తీగ ఒంటికి తగిలినా ఫ్యూజు కొట్టదు. కరెంటు తిరిగి వెళ్లే దారి పూర్తి కాలేదు గనుక అన్నీ మామూలుగా నడుస్తూనే ఉంటాయి. ఇంజనీర్ల గదిలో మీటరు మాత్రం హెచ్చరిస్తుంది. ఎక్కడ తగిలిందో వాళ్లు తీరిగ్గా వెతికి పట్టుకుంటారు. చిక్కల్లా ఆ వెతికే సమయంలోనే ఉంది. ఒక తీగ ఒంటికి అంటుకోగానే, రెండో తీగకూ ఒంటికీ మధ్య అప్పటిదాకా సగం ఉన్న వోల్టేజీ పూర్తి వోల్టేజీ అవుతుంది. ఆ తగలడం అంటీ అంటనట్టుగా రవ్వలు చిమ్ముతూ ఉంటే అంతకంటే ఎక్కువకే ఎగదన్నుతుంది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ఉన్నవారికి దీనికి దగ్గర పోలిక ఒకటి బాగా తెలుసు. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇళ్లలోకి 'హై వోల్టేజీ' వస్తుంది. బల్బులు ఒక్క క్షణం తెల్లగా మెరిసి పేలిపోతాయి, టీవీలు పొగలు కక్కుతాయి. ఫేజుకు ఏమీ కాలేదు. ఆధారంగా నిలబెట్టిన న్యూట్రల్ పట్టు తప్పింది, అంతే. దాంతో 230 ఉండాల్సిన చోట 400 దాకా పోతుంది. ఓడలో జరిగేది అచ్చంగా ఇదే కాదు. కానీ ఒకచోట లోపం వస్తే ఇంకోచోట వోల్టేజీ ఎలా పెరుగుతుందో అర్థం కావడానికి ఈ అనుభవం చాలు.

ఇప్పుడు స్పైక్ బస్టర్‌ను విప్పి చూద్దాం. లోపల అణా బిళ్లంత ముక్కలు రెండు మూడు ఉంటాయి. వాటిని వేరిస్టర్లు అంటారు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఈ రెండింటికీ ఎర్త్‌కూ మధ్య వీటిని కట్టి ఉంచుతారు. వోల్టేజీ మామూలుగా ఉన్నంతసేపూ కరెంటును పోనివ్వవు. పిడుగు పడో మరెందుకో ఒక్కసారిగా వోల్టేజీ లేచినప్పుడు తలుపు తెరిచి, ఎక్కువైనదాన్ని ఎర్త్‌లోకి దించేస్తాయి. ఒక క్షణంలో పని ముగించి మళ్లీ మూసుకుంటాయి. క్షణం పాటు చేసే పనికే ఇవి తయారైనవి. ఇంట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు సున్నా వోల్టేజీ ఉంటుంది కాబట్టి అక్కడి వేరిస్టర్‌కు పనే ఉండదు. ఓడలో ఆ చోట ఎప్పుడూ సగం వోల్టేజీ కూర్చుని ఉంటుంది. లోపం వచ్చినప్పుడు పూర్తి వోల్టేజీ, ఒక్కోసారి ఇంకా పైన. అప్పుడు వేరిస్టర్ క్షణం కాదు, గంటల తరబడి కొంచెం కొంచెంగా కరెంటును వదులుతుంది. వదిలే కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కే కొద్దీ ఇంకా వదులుతుంది. చుట్టూ ఉన్నదేమో ప్లాస్టిక్ డబ్బా. అది మంచం పక్కన, దుప్పటి అంచు కింద.

దీనికి తోడు ఆ డబ్బాలోని స్విచ్, ఫ్యూజు చాలావాటిలో ఒక్క తీగనే తెంపుతాయి. ఓడలో రెండో తీగకూ ప్రాణం ఉంటుంది. ఎర్ర లైటు ఆరిపోయింది కదా అని ఊరుకుంటారు, లోపల వేడెక్కే దారి మాత్రం తెరిచే ఉంటుంది. ఓడ సొంత బ్రేకర్లు రెండు తీగలనూ ఒకేసారి తెంపేలా పెడతారు. బయటి నుంచి తెచ్చినవి ఆ పని చేయలేవు. ఇది కాగితం మీది భయం కాదు. ఒక ఓడలో సిబ్బంది పెట్టుకున్న ఇలాంటి డబ్బాల వల్ల చిన్న మంటలు లేచాక, ఓడల మీద స్పైక్ బస్టర్ల వాడకం గురించి అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో ప్రత్యేకంగా భద్రతా హెచ్చరిక జారీ చేసింది. ప్రయాణికుల చేతికొచ్చే నిషేధాల జాబితాలో ఇదంతా ఉండదు. 'సర్జ్ ప్రొటెక్టర్లు తేరాదు' అని ఒక ముక్క ఉంటుంది. మన దగ్గర కొట్టువాళ్లు దాన్ని స్పైక్ బస్టర్ అనో స్పైక్ గార్డ్ అనో అమ్ముతారు కాబట్టి, ఆ ముక్క చదివినా ఇంట్లో ఉన్న డబ్బా అదేనని చాలామందికి తట్టదు.

మంట అంటే ఓడవాళ్లకు ఎంత భయమో నేల మీద ఉండేవారికి ఊహకు అందదు. ఫైరింజన్ రాదు. బయటికి పరిగెత్తితే నీళ్లు. పైగా గదులు పక్కపక్కనే, నడవాలు ఇరుకు, వేల మంది జనం. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ రాత్రిపూట తగలబడి 34 మంది చనిపోయారు. అందరూ కింది అరలో నిద్రపోతున్నవారే. అది క్రూజ్ ఓడ కాదు, చిన్న పడవ. మంటకు కచ్చితమైన కారణం ఇదేనని దర్యాప్తులో తేలలేదు కూడా. కానీ ఎవరూ కనిపెట్టి ఉండని వేళ చార్జింగ్‌కు పెట్టిన ఫోన్లు, కెమెరాలు, వాటి బ్యాటరీలు దర్యాప్తువారు అనుమానించినవాటిలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవారు స్కానర్ దగ్గర పెట్టె విప్పమన్నందుకు విసుక్కోరు.

మరి వేరిస్టర్ లేని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి? ఇక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో మాట. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాయి, కొన్ని అసలు వద్దంటాయి. రాయల్ కరీబియన్ 2024లో నిషేధాన్ని బిగించి, సర్జ్ రక్షణ ఉన్నా లేకపోయినా ఒక సాకెట్‌ను నాలుగు చేసే మల్టీప్లగ్‌లేవీ తేవద్దంది. ఇది కొంత అతిగా అనిపించవచ్చు. కానీ తనిఖీ దగ్గర కూర్చున్న మనిషి కోణంలో చూస్తే తప్పు పట్టలేం. నిమిషానికి పది పెట్టెలు పోయే చోట ఏ డబ్బాలో వేరిస్టర్ ఉందో, ఏ దాంట్లో లేదో బయటి నుంచి చూసి చెప్పడం కుదరదు. మన బజార్లలో దొరికే బాక్సుల మీద ఆ వివరం చాలాసార్లు రాసి కూడా ఉండదు. అందుకని ఏ కంపెనీ ఓడ అయినా, ప్రయాణానికి వారం ముందు వాళ్ల తాజా నిషేధాల జాబితా చూసుకోవడం మేలు. పోయినేడు వెళ్లొచ్చిన పక్కింటివాళ్ల మాట ఈ ఒక్క విషయంలో చెల్లదు. కరెంటు సాకెట్లు లేకుండా ఒట్టి యూఎస్‌బీ రంధ్రాలే ఉన్న చార్జర్‌తో మాత్రం సాధారణంగా ఎక్కడా పేచీ రాదు.

ఇక పిన్నుల గొడవ. మన ఇళ్లలో గోడ సాకెట్లు మహా ఉదారమైనవి. రెండు పిన్నులైనా, మూడు పిన్నులైనా, సన్నవైనా, లావువైనా ఏదో రకంగా పడతాయి. పడకపోతే ఎర్త్ కన్నంలో పెన్ను గుచ్చి మూత తెరిచి మరీ పెడతారు. ప్లగ్గే లేకపోతే అగ్గిపుల్లలతో వైర్లు బిగించిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఓడ సాకెట్లు ఇంత దయ చూపవు. చాలా క్రూజ్ ఓడల గదుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి అమెరికా రకం, చదును పిన్నులది, 110 వోల్టులు. ఇంకోటి ఐరోపా రకం, గుండ్రని రెండు పిన్నులది, 220 వోల్టులు. మన ఫోన్ చార్జర్లకు ఉండే సన్నని గుండ్రని రెండు పిన్నులు 4 మిల్లీమీటర్లవి. అవి ఐరోపా సాకెట్‌లో ఏ అడాప్టర్ లేకుండా చక్కగా కూర్చుంటాయి. మన త్రీపిన్ ప్లగ్ పిన్నులు 5 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి. ఐరోపా సాకెట్ కన్నం 4.8 మిల్లీమీటర్ల పిన్నుకు చేసింది. పైగా ఆ సాకెట్ గోడలోకి గుంటలా ఉంటుంది, మన ప్లగ్ ఒళ్లే అందులో దూరదు. ఎంత నొక్కినా పని కాదు. అంటే ఫోన్‌తో తిప్పలు లేవు, తిప్పలన్నీ ల్యాప్‌టాప్‌తోనే.

దానికి చవకైన మందు ఒకటుంది. చాలామందికి తోచదు. ల్యాప్‌టాప్ చార్జర్‌కు ఇటుక లాంటి డబ్బా, దానికి గోడ వైపు ఊడివచ్చే వైరు ఉంటాయి. ఆ వైరు చివర మూడు ఆకుల ఆకారంలోనో, ఎనిమిది అంకె ఆకారంలోనో ఉంటుంది. ఈ ఆకారాలు ప్రపంచమంతా ఒకటే. కాబట్టి అడాప్టర్ మీద అడాప్టర్ ఎక్కించి గోడకు వేలాడదీసే బదులు, అమెరికా పిన్నున్న వైరు ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది. సాకెట్ మీద బరువు పడదు, వదులై రవ్వలు చిమ్మదు. త్రీపిన్‌కు రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ పోతుందన్న సంగతీ గుర్తుండాలి. అలా వాడినప్పుడు లోహపు ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది. సింగపూర్ మీదుగా వెళ్లేవారికి ఇంకో చిన్న మెలిక. అక్కడి హోటళ్లలో ఉండేది లావాటి చదును మూడు పిన్నుల బ్రిటిష్ సాకెట్, ఓడలో ఉండేది పైన చెప్పిన రెండు రకాలు. హోటల్ కోసం ఒకటి, ఓడ కోసం ఒకటి కావాలి.

వోల్టేజీకి భయపడాల్సింది చార్జర్లు కాదు. చార్జర్ వెనక సన్నని అక్షరాల్లో 'ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటుంది. అంటే తిరుపతిలోనూ పనిచేస్తుంది, ఓడలోనూ పనిచేస్తుంది. ఓడల్లో ఎక్కువగా 60 హెర్ట్జ్ కరెంటు తిరిగినా దానికి పట్టింపు లేదు. ఆ రాత లేనివి, వేడి పుట్టించేవి మాత్రం వేరే జాతి. ఇక్కడి 220 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌ను 110 సాకెట్‌లో పెడితే వోల్టేజీ సగమైనందుకు వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. ఉఫ్ ఉఫ్ అంటుంది, అంతే. దీనికి తిరగేసి, అమెరికాలో కొన్న 110 వోల్టుల వస్తువును 220లో పెడితే నాలుగింతలు వేడెక్కి అక్కడికక్కడే కాలుతుంది. కొడుకు ఇంట్లో వాడుకున్న హెయిర్ డ్రయ్యర్‌ను ఓడకు తెచ్చుకునే అమ్మలు ఏ సాకెట్‌లో పెడుతున్నారో చూసుకోవాలి. అసలు ఆ తిప్పలే ఎందుకు, చాలా ఓడల్లో గదిలోనే డ్రయ్యర్ పెట్టి ఉంచుతారు.

ఈ నిషేధాల్లో తెలుగు కుటుంబాలకు నిజంగా కష్టమనిపించేది కెటిల్. తిరుమల గదిలోనైనా, ఊటీ కాటేజీలోనైనా పొద్దున్నే కాఫీ కోసం ఎవరి ముఖమూ చూడక్కర్లేకుండా చేసే వస్తువది. పసిబిడ్డ ఉంటే పాల కోసం, పెద్దవాళ్లుంటే వేణ్నీళ్ల కోసం, పిల్లలుంటే మ్యాగీ కోసం దాన్నే నమ్ముకుంటారు. చిన్న రైస్ కుక్కర్‌ను సైతం అన్నం మీద మమకారంతో విమానం ఎక్కించేవారు ఉన్నారు. ఓడలో వీటన్నిటికీ ఒకటే తీర్పు. హెయిర్ డ్రయ్యర్ లాంటివి తప్ప, వేడి పుట్టించే పరికరం ఏదీ గదిలోకి తేకూడదు. గట్టి బేరం ఆడినా లాభం లేదు. ఒక మంచి స్టీల్ ఫ్లాస్కు తీసుకెళ్తే కష్టం చాలా వరకు తీరుతుంది. బఫే దగ్గర వేణ్నీళ్లు దొరుకుతాయి. ఫ్లాస్కు నింపుకుని గదికి తెచ్చుకుంటే ఇన్‌స్టంట్ కాఫీ పొడి, కప్పు ఉప్మా ప్యాకెట్టు గడిచిపోతాయి. పట్టుచీరల ఇస్త్రీ కోసమైతే ఓడ లాండ్రీకి ఇవ్వాలి, లేదంటే నలగని చీరలు సర్దుకోవాలి.

పవర్ బ్యాంకుల విషయంలో తిరుపతికి చిన్న చుట్టరికం ఉంది. బ్యాటరీ అనగానే కరకంబాడిలోని అమరరాజా గుర్తుకొస్తుంది, అది సీసం బ్యాటరీల సంగతి. లిథియం సెల్లుల తయారీ కూడా ఈ ఊరి పొలిమేరల్లోకి వచ్చింది. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రంలో చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ పెట్టిన లిథియం సెల్ ప్లాంటులో 2022 సెప్టెంబరులో ఉత్పత్తికి ముందు జరిపే ప్రయోగాత్మక తయారీని కేంద్ర సహాయ మంత్రి ప్రారంభించారు. రోజుకు 10 ఆంపియర్ అవర్ సెల్లులు 20,000 తయారు చేసే సామర్థ్యంతో కట్టిన ప్లాంటు అది. ఆ సెల్లుల వాడకం చెప్పినప్పుడు ముందు వినిపించిన పేరు పవర్ బ్యాంకే.

ఓడ నియమాల కంటే ముందు పవర్ బ్యాంకుకు అడ్డొచ్చేది విమానం నియమం. చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా అడగకుండా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన ఎక్కనివ్వరు. డబ్బా మీద ఎంఏహెచ్ అని రాసి ఉన్న అంకెను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000 రకం 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 27,000 దగ్గర వంద గీత వస్తుంది. 30,000 అయితే 111, దాటిపోయినట్టే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి తమ విమానాల్లో పవర్ బ్యాంకుతో ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడాన్ని కూడా ఆపించింది. ఆ దారిన ఓడకు వెళ్లేవారు ఫోన్‌ను చెన్నైలోనే నింపుకోవాలి.

నిజానికి ఓడ ప్రయాణానికి పెద్ద పవర్ బ్యాంకు దండగ. గదిలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. పవర్ బ్యాంకు అవసరం పడేది ఓడ దిగి ఊరు చూసే పగటిపూటే. ఇప్పటి ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, అంటే దాదాపు 19 వాట్ అవర్లు. 10,000 రకం పవర్ బ్యాంకులో 37 ఉంటాయి. వోల్టేజీ మార్చడంలో మూడో వంతుకు పైగా వేడిగా పోయినా, ఒక ఫోన్‌ను పూర్తిగా నింపి ఇంకొంచెం మిగులుతుంది. ఇద్దరికి ఒకటి చాలు. రాత్రి నిద్రపోయేటప్పుడు దాన్ని దిండు కింద పెట్టి చార్జ్ చేయకుండా బల్ల మీద, గాలి ఆడే చోట పెట్టాలి. కన్సెప్షన్ కథ విన్నాక ఈ మాట మళ్లీ చెప్పనక్కర్లేదు.

గదిలో సాకెట్లు ఎన్ని ఉంటాయన్నది ఓడ వయసును బట్టి ఉంటుంది. చెన్నై నుంచి నడిచిన ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. అప్పట్లో గదికి ఒక డ్రయ్యర్, ఒక షేవర్ తప్ప ఏం తగిలిస్తారులే అనుకుని కట్టిన కాలం. ఆ తరం ఓడల్లో అద్దం ముందు బల్ల దగ్గర ఒకటో రెండో సాకెట్లు, మంచం పక్కన ఏమీ లేకపోవడం మామూలే. కొత్త ఓడల్లో మంచం పక్కనే యూఎస్‌బీ రంధ్రాలు ఇస్తున్నారు. నలుగురున్న కుటుంబానికి నాలుగు ఫోన్లు, ఒక వాచీ, ఒక ట్యాబ్, ఒక కెమెరా అనుకుంటే నాలుగు యూఎస్‌బీ రంధ్రాల గ్యాన్ చార్జర్ (చిన్న సైజులోనే ఎక్కువ వాట్లిచ్చే రకం) ఒక్కటి, 65 వాట్లదో 100 వాట్లదో, ఈ లెక్కంతటినీ ఒకే సాకెట్ మీద తీరుస్తుంది. ల్యాప్‌టాప్ టైప్-సీతో చార్జ్ అయ్యేదైతే దాని ఇటుక కూడా ఇంట్లోనే ఉండిపోవచ్చు. నలుగురు నాలుగు చార్జర్లు తెచ్చి రెండు సాకెట్ల దగ్గర వంతులు వేసుకునే దానికంటే ఇది మేలు. స్పైక్ బస్టర్ కొనే డబ్బులకు మరికొంత కలిపితే వస్తుంది. కేబుల్ మాత్రం రెండు మీటర్లది ఉండాలి. బల్ల నుంచి మంచం దాకా రావాలి కదా.

గదిలో కరెంటు పోయిందని కంగారు పడేవారు కూడా ఉంటారు. చాలా ఓడల్లో తలుపు పక్కన గది కార్డు పెట్టే గుంట ఉంటుంది. కార్డు తీసి బయటికి వెళ్తే లైట్లతోపాటు కొన్ని సాకెట్లు ఆగిపోతాయి. పొద్దున్నే ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, టిఫిన్ తిని వచ్చి చూస్తే అక్కడే ఉంటుంది. గోడ సాకెట్లకు మన ఇళ్లలో లాగ స్విచ్‌లు ఉండవు. తగిలించగానే మొదలవుతుంది, పీకితేనే ఆగుతుంది. ఇంకో సంగతి, తీరం దాటాక ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీని ఊరికే తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై ఒక్కటే ఆన్ చేస్తే చార్జింగ్ నిలుస్తుంది, సముద్రంలో పనిచేసే ఖరీదైన నెట్‌వర్క్‌కు ఫోన్ తనంతట తానే తగులుకుని బిల్లు పేలే ప్రమాదమూ తప్పుతుంది.

పెద్దవాళ్లతో వెళ్లేవారు విడిగా చూసుకోవాల్సింది సీప్యాప్. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నవారు రాత్రంతా ముక్కుకు పెట్టుకునే యంత్రమిది. దీన్ని ఓడల్లో సాధారణంగా కాదనరు. కానీ మంచం పక్కన సాకెట్ లేని గదిలో వైరు చాలదు, సొంత ఎక్స్‌టెన్షన్‌ను చాలాచోట్ల తేనివ్వరు. టికెట్ బుక్ చేసిన వెంటనే కంపెనీ ప్రత్యేక అవసరాల విభాగానికి రాస్తే చాలాచోట్ల ఓడవాళ్లే తమ ఎక్స్‌టెన్షన్ వైరును, యంత్రంలో పోసే డిస్టిల్డ్ వాటర్‌ను గదిలో సిద్ధం చేస్తారు. అది ఓడ కరెంటుకు తగినట్టు పరీక్షించిన వైరు. ఎక్కిన రోజు రాత్రి పదకొండుకు గుర్తొచ్చి రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే ఆ వైరు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఇన్సులిన్ వాడేవారు కూడా అదే ఉత్తరంలో చల్లదనం సంగతి అడగాలి. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ కూల్‌డ్రింకులకు సరిపోతుంది, మందులకు కావలసినంత చల్లగా ఉంటుందని నమ్మడానికి లేదు.

ఇక మిగిలింది కొనుగోళ్లు. అమెరికా పిన్ను అడాప్టర్లు తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఎలక్ట్రికల్ కొట్లలో అడగొచ్చు. చెన్నై నుంచి ఓడో విమానమో ఎక్కేవారైతే అక్కడి రిచీ స్ట్రీట్‌లో ల్యాప్‌టాప్ వైర్లు ఏ దేశపు పిన్నుతో కావాలన్నా బేరమాడి తీసుకోవచ్చు. కొట్టతను 'మూడు సాకెట్లు, సర్జ్ ప్రొటెక్షన్ కూడా ఉంది సార్' అని ఇంకో డబ్బా చూపిస్తాడు. అది టీవీ వెనకాలకైతే కొనొచ్చు.